కరెంటుకు దారెక్కడ?

మా పెద్ద మనవడు ఈ ఏడాది ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరాడు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, "తాతయ్యా, నలభై ఏళ్లు మోటార్లు చుట్టావు, ఇళ్లకు వైరింగులు చేశావు. నీకు తెలిసింది ఓ నోటుపుస్తకంలో రాసిపెట్టు" అని అడిగాడు. సూత్రాలు వాడి పుస్తకంలో ఎలాగూ ఉన్నాయి. ఆ సూత్రాలు బోరు దగ్గర, గోడలో, మనిషి ఒంట్లో ఎలా పనిచేస్తాయో నేను వినుకొండ, నరసరావుపేట చుట్టుపక్కల పల్లెల్లో చూశాను. అదే రాస్తున్నాను.

1. కరెంటు అన్న మాటను విడదీసుకో

మన వాడుకలో అన్నీ కరెంటే. కరెంటు పోయింది, కరెంటు బిల్లు వచ్చింది, కరెంటు కొట్టింది. ఊళ్లో మాట్లాడుకోవడానికి ఇది చాలు, పనిచేసేవాడికి చాలదు. ఏ వస్తువూ పెట్టని ప్లగ్గులో 230 ఓల్టులు సిద్ధంగా ఉంటాయి, కరెంటు మాత్రం సున్నా. ఓల్టేజి అంటే నెట్టే బలం. కరెంటు అంటే ఆ నెట్టుడుకు తీగలో నిజంగా సాగే ప్రవాహం, దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. రెసిస్టెన్సు అంటే దారిలో ఎదురయ్యే అడ్డు. నీ పుస్తకం దాన్నే నిరోధం అంటుంది.

మేడ మీది నీళ్ల ట్యాంకుతో పోల్చి చెబుతారు. ట్యాంకు ఎత్తు ఓల్టేజి, పైపు సన్నం రెసిస్టెన్సు, పంపులో పడే నీళ్లు కరెంటు. పోలిక మంచిదే. ఒక్క చోట మాత్రం అది నిన్ను మోసం చేస్తుంది. పైపు తెగితే నీళ్లు కారిపోతాయి, తీగ తెగితే కరెంటు ఆగిపోతుంది. తెగిన ఆ కొస దగ్గర ఓల్టేజి మాత్రం అలాగే కాచుకుని ఉంటుంది.

2. ఓల్టేజి ఒక చోట ఉండేది కాదు, రెండు చోట్ల మధ్య తేడా

పనిలో చేరిన కొత్తలో ఒక ఇంటికి పంపారు. ఫ్యాను తిరగదు, లైటు వెలగదు. టెస్టరు పెడితే ప్లగ్గు రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది. ఇంటాయన "రెండు ఫేజులు వచ్చేస్తున్నాయి, ఇల్లు కాలిపోతుంది" అని కంగారుపడుతున్నాడు. నాకూ అంతుపట్టలేదు. మా మేస్త్రి వచ్చి, ఆన్‌లో ఉన్న స్విచ్చులన్నీ ఆపి మళ్లీ చూడమన్నాడు. ఒక రంధ్రంలో వెలుగు ఆగిపోయింది. బయట స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ ఊడిపోయింది, అంతే. ఫేజు తీగలో వచ్చింది ఆన్‌లో ఉన్న బల్బు గుండా దాటి న్యూట్రల్ రంధ్రం దాకా వచ్చి నిలిచింది. రెండు రంధ్రాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. తేడా లేదు గనక ప్రవాహమూ లేదు.

కరెంటు వెళితే సరిపోదు, తిరిగి రావాలి. ఆ రోజు నుంచి ఏ ఫిర్యాదు వచ్చినా నేను మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: వెళ్లిన దారి ఏది, తిరిగొచ్చే దారి ఏది?

3. ఓము అనే బడిపంతులు

జర్మనీలో కొలోన్ పట్టణంలో గేయార్గ్ ఓమ్ అనే ఆయన బడిలో పాఠాలు చెప్పుకుంటూ తీగల మీద ప్రయోగాలు చేశాడు. వోల్టా 1800లో చేసిన బ్యాటరీ అప్పటికి ఉంది గానీ దాని బలం నిలకడగా ఉండేది కాదు. నెట్టే బలమే మారిపోతుంటే తీగ అడ్డు ఎంతో ఎలా తెలుస్తుంది? అందుకని ఆయన రెండు లోహాలను అతికి, ఒక అతుకును మరిగే నీళ్లలో, రెండోదాన్ని కరిగే మంచులో ఉంచాడు. ఆ తేడాతో పుట్టే కొద్దిపాటి ఓల్టేజి కదలకుండా నిలిచింది. అప్పుడు తీగల పొడవు మారుస్తూ కొలిచాడు. 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో పెద్దగా ఆదరించలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది.

ఓల్టేజిని రెసిస్టెన్సుతో భాగిస్తే కరెంటు. ఈ ఒక్క లెక్క నోటికి రావాలి. ఓమ్ పద్ధతి కూడా నేర్చుకో: ఒకటి కొలవాలంటే రెండోదాన్ని కదలకుండా పట్టుకోవాలి. మోటారు ఆంపియర్లు చూసేటప్పుడు ఓల్టేజి చూడకుండా ఆంపియర్లు మాత్రమే రాసుకుంటే ఆ అంకెకు అర్థం లేదు.

4. తీగ కూడా తింటుంది

స్తంభానికీ బోరుకూ మధ్య 200 మీటర్లు 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ లాగారనుకో. ఒక్కో తీగకు సుమారు 1.4 ఓములు. ఐదు హార్స్‌పవర్ త్రీఫేజు మోటారు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే నడుస్తున్నంతసేపూ ఒక్కో తీగ మీద పది ఓల్టులు పోతాయి. స్టార్టయ్యే క్షణంలో మోటారు దానికి ఆరు రెట్లు లాగుతుంది, అప్పుడు తీగ మీదే అరవై ఓల్టుల దాకా పడతాయి. "స్తంభం దగ్గర ఓల్టేజి బాగానే ఉంది, మోటారు ఎత్తుకోవడం లేదు" అని రైతు అంటే రెండు మాటలూ నిజమే. మీటరు స్తంభం దగ్గర పెట్టొద్దు, స్టార్టరు దగ్గర పెట్టు. అదీ మోటారు ఎత్తుకునేటప్పుడు చూడు.

5. మోటారు దగ్గర ఓము లెక్క తిరగబడినట్టు కనిపిస్తుంది

ఇక్కడ కాస్త నిదానించు. నా జీవితంలో సగం కాలిన వైండింగులు విప్పడంలోనే గడిచింది. ఆ కాలిన రాగి వెనక ఒక రైతు అప్పు, ఎండిపోతున్న ఒక మిరపతోట ఉండేవి. అందుకే ఈ పాఠం నీకు బాగా పట్టుబడాలని నా కోరిక.

ఓల్టేజి తగ్గితే కరెంటు తగ్గాలని కదా ఓము చెప్పింది! హీటరుకు అలాగే జరుగుతుంది, మాదాకా వచ్చిన మోటార్లకు మాత్రం జరగలేదు. లో ఓల్టేజిలోనే అవి ఎక్కువ ఆంపియర్లు లాగి కాలిపోయేవి.

కారణం మోటారు ఉత్త తీగచుట్ట కాకపోవడం. తిరుగుతున్న మోటారు తనలో తానే ఒక ఎదురు ఓల్టేజి పుట్టిస్తుంది. వచ్చే ఓల్టేజికి అదే పెద్ద అడ్డు. రాగి చుట్ల సొంత రెసిస్టెన్సు కొద్ది ఓములే. ఇప్పుడు ఓల్టేజి పడిపోయిందనుకో. బోరులో నీళ్లు ఎత్తాల్సిన ఎత్తు తగ్గలేదు, పంపు మీద బరువు అంతే ఉంది. మోటారు కొంచెం నెమ్మదిస్తుంది, ఎదురు ఓల్టేజి తగ్గుతుంది, అదే పని చేయడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది. ఏడున్నర ఆంపియర్లు తొమ్మిది అయిందనుకుందాం. పెరిగింది ఒకటిన్నరే గదా అనిపిస్తుంది. కానీ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పుడుతుంది గనక వైండింగులో వేడి 44 శాతం పెరిగింది. పంపులో ఇసుక పట్టి మోటారు ఆగిపోతే ఎదురు ఓల్టేజి దాదాపుగా పోయినట్టే. స్టార్టింగులో లాగే ఆరు రెట్ల కరెంటు ఆగకుండా ప్రవహిస్తుంది. నిమిషాల్లో వార్నిష్ కమురు వాసన వస్తుంది.

ఒకసారి ఒక రైతు ఒకే పంటకాలంలో మూడోసారి అదే మోటారు తెచ్చాడు. వైండింగు బాగా లేదని నన్ను అనుమానించాడు, అతని కష్టానికి అది న్యాయమే. మర్నాడు నేనే పొలానికి వెళ్లి కూర్చున్నాను. కరెంటు వచ్చిన క్షణంలో చుట్టుపక్కల మోటార్లన్నీ ఆటో స్టార్టర్లతో ఒక్కసారే ఎత్తుకున్నాయి. అక్కడున్నది 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు. దాని సత్తువ ఫేజుకు 35 ఆంపియర్లకు మించదు. నాలుగు ఐదు హార్స్‌పవర్ మోటార్లు మామూలుగా నడిస్తే దాని మీద సరిపోతాయి. నాలుగూ ఒకేసారి స్టార్టయితే 180 ఆంపియర్లు అడుగుతాయి. ఓల్టేజి కుంగిపోయింది, ఏ ఒక్కటీ ఎత్తుకోలేక అన్నీ గుర్రుమంటున్నాయి. నలుగురు రైతులనూ చెట్టుకింద కూర్చోబెట్టి, ఆటో స్టార్టర్లు తీసేసి, రెండేసి నిమిషాల ఎడంతో ఒకరి తర్వాత ఒకరు వేసుకునేలా ఒప్పించాను. ఆ మోటారు మళ్లీ నా కొట్టుకు రాలేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను కోరింది. ఆ మాట విన్నప్పుడు నాకు ఆ నాలుగు మోటార్ల గుర్రుమనే చప్పుడే చెవిలో వినిపించింది.

6. ఫీజు

దారిలో కావాలని పెట్టుకున్న బలహీనమైన చోటు ఫీజు. మాటిమాటికీ పోతోందని అక్కడ లావు రాగి పోగు చుడితే, ఆ బలహీనత గోడలోకో వైండింగులోకో వెళుతుంది. స్విచ్చూ ఫీజూ ఫేజు తీగలోనే ఉండాలి. న్యూట్రల్‌లో పెడితే బల్బు ఆరుతుంది, హోల్డరు మాత్రం బతికే ఉంటుంది.

7. సగం ఓము

వదులుగా ఉన్న ప్లగ్గు పిన్నులో, మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటులో, సగం ఓము అడ్డు పుడితే అది ఎవరి కంటికీ కనిపించదు. పది ఆంపియర్లు పోతుంటే అక్కడ పోయేది ఐదు ఓల్టులే. కానీ పుట్టే వేడి 50 వాట్లు. ఒక సోల్డరింగు ఐరన్ అంత వేడి, గోరంత జాగాలో! ఇంటి మంటల గురించి వినగానే అందరూ షార్ట్ సర్క్యూట్ అంటారు. నేను వెళ్లి చూసిన చోట్ల ఎక్కువసార్లు ముందు వదులు జాయింటు వేడెక్కింది, ఆ తర్వాతే తొడుగు కరిగి షార్టు అయింది. గీజరు ప్లగ్గు నల్లబడిందంటే కొత్త ప్లగ్గు కొనే ముందు స్క్రూ బిగించి ఉందో లేదో చూడు.

8. న్యూట్రల్ పోతే పక్కింటాయనతో ముడిపడతావు

రెండిళ్లు వేర్వేరు ఫేజుల మీద ఉండి, ఇద్దరికీ కలిపి ఉన్న న్యూట్రల్ తెగిందనుకో. అప్పుడు రెండిళ్లూ ఒకదాని వెనక ఒకటిగా 415 ఓల్టుల మధ్య నిలబడతాయి. ఒకింట్లో వెయ్యి వాట్ల హీటరు ఉంది, 53 ఓములు. ఇంకో ఇంట్లో వంద వాట్ల బల్బు ఒక్కటే, 529 ఓములు. కరెంటు ఇద్దరికీ ఒకటే గనక, అడ్డు ఎక్కువున్న చోట ఓల్టేజి ఎక్కువ పడుతుంది. హీటరుకు నలభై లోపు, బల్బుకు 370 పైన. పొదుపుగా వాడుకునే ఇంట్లోనే టీవీ మాడిపోతుంది. ఫ్యాను విపరీతంగా తిరుగుతూ లైటు తెల్లగా వెలిగితే కారణం వెతకొద్దు, ముందు మెయిన్ ఆపు.

9. ఒళ్లు కూడా ఒక దారే

నలభై వాట్ల బల్బు తీసుకునేది 174 మిల్లీ ఆంపియర్లు. అందులో సగం గుండె మీదుగా పోయినా ప్రాణాపాయమే. పదిహేను మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు, పట్టుకున్న చెయ్యి వదలలేని స్థితి వస్తుంది. పొడి చర్మం అడ్డు వేల ఓములుంటుంది. తడిస్తే అది వెయ్యి ఓముల దాకా దిగిపోతుంది. 230ని వెయ్యితో భాగించి చూసుకో.

మన పల్లెల్లో ఇది దండెం రూపంలో వస్తుంది. బట్టలారేసే ఇనపతీగను సర్వీసు వైరు పోయే గొట్టానికో రేకుల షెడ్డు దూలానికో కడతారు. తొడుగు ఒరుసుకుపోయి తీగ తగులుతుంది. తడి చేతులతో తడి బట్ట వేసే మనిషి మట్టినేల మీద నిలబడి ఉంటుంది. అలాంటి ఇంటికి నన్ను ఒకసారి ఆలస్యంగా పిలిచారు. నువ్వు ఏ ఇంటికి ఏ పని మీద వెళ్లినా దండెం కేసి ఒకసారి చూడు. ఇనపతీగ ఉంటే తీయించి నైలాను తాడు కట్టించు. డబ్బు అడగొద్దు.

10. చచ్చిందన్న లైను చావలేదేమో

ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నారు, లైను ఆపే ఏబీ స్విచ్చు దించారు, లైను చచ్చిందన్నారు. ఊళ్లో ఎవరో చేంజోవరు స్విచ్చు లేకుండా జనరేటరు ఆన్ చేస్తారు. ట్రాన్స్‌ఫార్మరుకు ముందూ వెనకా తెలియదు. 415 ఓల్టులు వెనకనుంచి ఎక్కితే అటుపక్క 11 వేలవుతాయి. నాకు తెలిసిన ఒక హెల్పరు కుర్రాడు అలాగే చేయి పోగొట్టుకున్నాడు. తాకే ముందు లైనుకు ఎర్తు రాడ్డు వేసి తీరాలి. టెస్టరును బతికున్న చోట చూసి, పనిచేసే చోట చూసి, మళ్లీ బతికున్న చోట చూడు. మధ్యలో టెస్టరే పోయి ఉండొచ్చు.

11. ఎర్తు ఉంటే సరిపోదు, ఎన్ని ఓములో తెలియాలి

స్టార్టరు పెట్టెకు ఎర్తు తీగ ఉందని ధీమాగా ఉంటారు. ఆ తీగ దిగే ఎర్తు గుంట ఎండిపోయి వంద ఓములు చూపిస్తుంటే, పెట్టెకు ఫేజు తగిలినా పోయేది 2.3 ఆంపియర్లే. పది ఆంపియర్ల ఫీజుకు ఆ సంగతే తెలియదు. పెట్టె బతికే ఉంటుంది, చుట్టూ నేల కూడా. ఆ నేలలో గుంట దగ్గర ఓల్టేజి ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. గేదె ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ ఎడం ఎక్కువ గనక వాటి మధ్య తేడా మనిషి అడుగుకన్నా పెద్దది, పైగా కరెంటు గుండె మీదుగా పోతుంది. మనిషికి జిల్లుమన్నచోట పశువు పడిపోవడానికి కారణం అదే.

అందుకే ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. ఫేజులో వెళ్లినదీ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదీ సరిపోల్చుకోవడమే దాని పని. తేడా వస్తే ఎక్కడో వేరే దారి దొరికిందని గ్రహించి వెంటనే ఆపేస్తుంది. నెలకోసారి దాని మీది టెస్టు బటను నొక్కి చూడాలి.

మన ఇంటి ఎర్తు గుంట పెరట్లో వేపచెట్టు పక్కన ఉంది. ఉప్పూ బొగ్గూ వేసి నేనే పూడ్చాను. చివరిసారి కొలిస్తే మూడు ఓములు చూపింది, అది రెండు వేసవుల కిందటి మాట. ఈసారి వచ్చేటప్పుడు మీ ఐటీఐలో అడిగి ఎర్తు టెస్టరు తీసుకురా. నేను బిందెడు నీళ్లు తెచ్చి ఉంచుతాను, పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి కొలుద్దాం.