మెట్టు మెట్టుకీ గోవిందా: తిరుమల కాలినడక నేర్పిన పాఠం

వేసవి సెలవుల్లో మన కుటుంబాలు చాలా ఇండియా వెళ్తాయి. వెళ్ళినవాళ్ళలో తిరుమల వెళ్ళనివారు అరుదు. అందుకే ఈ సంచికలో కొండ నడిచి ఎక్కడం గురించి తెలుసుకుందాం. మేము చేసిన ఒక తప్పు కూడా దాచకుండా చెబుతాం.

దారులు రెండు

అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, దాదాపు 3,550 మెట్లు. శ్రీనివాస మంగాపురం దగ్గర మొదలయ్యే శ్రీవారి మెట్టు దారి సుమారు 2 కిలోమీటర్లు, దాదాపు 2,400 మెట్లు. రెండోది దగ్గరే కానీ, ఊపిరి తీసుకోవడానికి చదును నేల తక్కువ. అలిపిరి దారిలో గాలిగోపురం వరకే అసలు ఎక్కుడు. అది దాటాక చాలా దూరం చదునుగా ఉండి, చివర్లో మోకాళ్ళ మెట్టు వస్తుంది.

కొండే స్వామి

శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. ఈ ఏడు కొండలూ ఆదిశేషుని రూపమని మన నమ్మకం. కాలు మోపడానికి మనసొప్పక రామానుజాచార్యులు మోకాళ్ళ మీద ఎక్కారనీ, అందుకే మోకాళ్ళ మెట్టు అనే పేరు వచ్చిందనీ ఐతిహ్యం. మెట్లు నిట్టనిలువుగా ఉండి మోకాళ్ళు పట్టుకొని ఎక్కాల్సి వస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని అనేవారూ ఉన్నారు.

అన్నమయ్య (1408–1503) కథ కూడా ఈ దారిదే. చిన్నతనంలో చెప్పులతో కొండెక్కుతూ, అలసి సొమ్మసిల్లిన ఆ పిల్లవాడికి అలమేలుమంగమ్మ కనిపించి చెప్పులు విడవమని చెప్పిందట, ప్రసాదం పెట్టి ఆకలి తీర్చిందట. ఈ కథను మేము పిల్లల తరగతిలో చాలాసార్లు చెప్పాం. చెప్పులు విడవాలన్న మాట గుర్తుంచుకున్నాం. అలసినవాడికి అన్నం పెట్టిన సంగతి మాత్రం మరిచాం.

మా తప్పు

నాన్నకు గుండె ఆపరేషన్ జరిగినప్పుడు, ఆయన కోలుకుంటే కాలినడకన కొండకు వస్తానని అమ్మ మొక్కుకుంది. నాన్న కోలుకున్నారు. మాకు సెలవు దొరికేసరికి మూడేళ్ళు గడిచాయి. ఈలోగా అమ్మ మోకాళ్ళు అరిగాయి.

మేము ఆఫీసులో ప్రాజెక్టు షెడ్యూల్ వేసినట్టే యాత్రకూ వేశాం. తెల్లవారుజామున అలిపిరి, నాలుగు గంటల్లో పైకి, మధ్యాహ్నం 300 రూపాయల టికెట్ మీద దర్శనం, రాత్రికి తిరుగు ప్రయాణం. అమ్మ మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెడతానంటే, "టైం సరిపోదమ్మా, పదో మెట్టుకు ఒకసారి పెట్టు" అన్నాం. గాలిగోపురం దగ్గర కూర్చుందామంటే, "ఇంకొంచెమే" అన్నాం.

ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర అమ్మ కూర్చుండిపోయింది. చీర కాస్త పైకి జరిపితే మోకాలు వాచి ఉంది. మధ్యలోనే నొప్పి మొదలైందట. "మీ టికెట్ పోతుందని చెప్పలేదు నాన్నా. మీరు వెళ్ళండి, నేను మెల్లగా వస్తా" అంది. మాకు నోట మాట రాలేదు.

అక్కడ ఘాట్ రోడ్డు పక్కనే ఉంది, కానీ అది దిగే బండ్ల దారి. పైకి వెళ్ళాలన్నా ముందు కిందికి దిగాల్సిందే. అమ్మ ఏడ్చింది. ఒక కారువాళ్ళు దయతో ఆపితే అందరం తిరుపతికి దిగి, డాక్టరుకు చూపించి, సాయంత్రం బస్సులో కొండెక్కాం. మా దర్శనం వేళ దాటిపోయింది. మర్నాడు సర్వదర్శనం వరుసలో నిలబడ్డాం.

మొక్కు తీరినట్టేనా?

తిరిగి వచ్చాక మన గుడి పూజారిగారిని ఇదే అడిగాం. ఆయన, "పూజలో రోజూ సంకల్పం చెప్పుకుంటారు కదా, అందులో 'యావచ్ఛక్తి' అనే మాట ఎందుకుందో ఆలోచించారా?" అన్నారు. శక్తి ఉన్నంత మేరకు అని దాని అర్థం. చేయగలిగినదాంట్లో లోటు చేయకూడదు, చేయలేనిదానికి కుమిలిపోకూడదు. అమ్మ తన శక్తి మేరకు ఎక్కింది. లోటు చేసింది మేమే, మూడేళ్ళు ఆలస్యం చేసి, ఒక్కరోజు ఇచ్చి.

ఫోన్లో ఈ మాట చెబితే అమ్మ నవ్వింది. "మీరు గడియారం చూసుకుంటూ ఎక్కారు, నేను గోవిందా అనుకుంటూ ఎక్కాను. ఎవరికి పుణ్యమో ఆయనకే తెలుసు" అంది.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

• నడకకు ఒక రోజు, దర్శనానికి వేరొక రోజు పెట్టుకోండి.
• సామాను అలిపిరిలో అప్పగిస్తే ఉచితంగా పైకి చేరుస్తారు. మందులు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.
• అందరిలో నెమ్మదిగా నడిచేవారిని ముందు నడవనివ్వండి, మిగతావారు వారి వెనకే నడవండి.
• 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయింది. ఆ తర్వాత పిల్లలతో నడిచేవారికి వేళల నిబంధనలు పెట్టారు. బయలుదేరే ముందు తితిదే ప్రకటన చూసుకోండి, పిల్లల చెయ్యి వదలకండి.

ఇంట్లో చర్చించండి

1. మన పెద్దవాళ్ళు తీర్చుకోవాల్సిన మొక్కులు ఏమిటో మనం ఎప్పుడైనా అడిగామా?
2. "యావచ్ఛక్తి" అనే మాట ఎప్పుడు ఓదార్పు, ఎప్పుడు సాకు?

ఓం నమో వేంకటేశాయ.