రాడ్డుకు తగిన లైను

వారమంతా ఉద్యోగం చేసి, ఆదివారం గాలం పట్టుకుని సాగర్ కుడి కాలువ గట్టుకో, కురిచేడులో రైలెక్కి కంభం చెరువుకో పోయే అలవాటున్నవారు ఫ్లై ఫిషింగ్ సామాను తెప్పించుకుందామనుకుంటే ముందు ఈ నాలుగు మాటలు వినాలి. రాడ్డు ఒకచోట, లైను ఇంకోచోట, ఏది చవగ్గా దొరికితే అది కొంటే జీతం డబ్బు అటక మీదికి చేరుతుంది. రెండింటికీ పొత్తు కుదరాలి.

మామూలు గాలంలో బరువంతా సీసం గుండుది. గుండును విసిరితే నైలాను దారం దాని వెంట పోతుంది. ఫ్లై ఫిషింగులో ఎర అంటే ముల్లుకు ఈకలూ దారమూ చుట్టి చేసిన పురుగు బొమ్మ. నోటితో ఊదితే ఎగిరిపోయేంత తేలిక, దాన్ని దూరం విసరడం ఎవరి తరమూ కాదు. ఇక్కడ విసిరేది లైనునే. ప్లాస్టిక్ పూతతో లావుగా ఉండే ఆ లైను బరువుకు రాడ్డు వెనక్కి వంగి, మళ్లీ నిటారవుతూ లైనును ముందుకు తోస్తుంది. లైను తేలికైతే రాడ్డు వంగనే వంగదు, బరువెక్కువైతే పిడి దాకా వంగి చతికిలబడుతుంది.

అందుకే రాడ్డు పిడికి కాస్త పైన 5 అనో 8 అనో ఒక అంకె వేసి ఉంటుంది. లైను పెట్టె మీదా అదే అంకె ఉండాలి. అది పౌండ్ల లెక్క కాదు. నైలాను దారానికి రాసే పౌండ్లు ఎంత లాగితే తెగుతుందో చెబుతాయి, ఈ అంకె బరువు చెబుతుంది. పెట్టె మీద ‘డబ్ల్యూఎఫ్-5-ఎఫ్’ అని ఉంటే ముందు భాగం బరువుగా ఉన్న, 5వ నంబరు, నీటి మీద తేలే లైను అని అర్థం. కొత్తవారికి తేలేదే మేలు.

పూర్వం పట్టు లైన్లకు లావును బట్టి ఇంగ్లీషు అక్షరాలు పెట్టేవారు. నైలానూ ప్లాస్టిక్కూ వచ్చాక ఒకే లావున్న రెండు లైన్లు వేర్వేరు బరువులు తూగడంతో ఆ పద్ధతి పనికిరాకుండా పోయింది. 1961లో అమెరికా గాలం సామాను తయారీదారుల సంఘం లైను ముందు భాగంలో 30 అడుగుల బరువును బట్టి అంకెలు నిర్ణయించింది. కొలత గ్రెయిన్లలో ఉంటుంది. మన గ్రాముల్లోకి మారిస్తే 5వ నంబరు 9.07 గ్రాములు, 6 అయితే 10.37, 8 అయితే 13.6. కొద్దిగా అటూ ఇటూ ఉన్నా ఒప్పుకుంటారు, 5కు 8.7 నుంచి 9.5 దాకా.

చిక్కేమిటంటే చాలా కంపెనీలు పెట్టె మీద 5 అని వేసి లోపల 6 బరువున్న లైను పెడతాయి. గట్టి రాడ్లు సులువుగా వంగాలని అలా చేస్తారు. అంకెను నమ్మకుండా తూచి చూడండి. బంగారం కొట్లో త్రాసు మిల్లీగ్రాములు కూడా చూపిస్తుంది, తెలిసిన షరాబు ఉంటే కాదనడు. లైను కొసన సన్నగా, సమంగా ఉండే కొద్ది భాగం వదిలేసి, అక్కడి నుంచి 30 అడుగులు టేపుతో కొలిచి సిరాతో గుర్తు పెట్టండి. ఆ ముక్క మాత్రం చుట్టగా పళ్లెంలో పెట్టాలి, మిగతా లైను బరువు త్రాసు మీద పడకుండా ఎవరైనా చేత్తో పట్టుకోవాలి. కోయకూడదు సుమా!

ఇక మన నీళ్ల సంగతి. కాలువ గట్టున వెనక సర్కారు తుమ్మ ఉంటే లైను వెనక్కి విసరడానికి చోటుండదు. 30 అడుగులు బయటికి తీయకుండా ఇరవయ్యో పాతికో అడుగులతో పని కానివ్వాల్సి వస్తుంది. అంత పొట్టి లైనులో 9 గ్రాముల బరువు ఉండదు కనుక 5వ నంబరు రాడ్డుకు 6వ నంబరు లైను వేయడమే తెలివి. చుట్టూ బయలుగా ఉన్నచోట 30 అడుగుల కంటే ఎక్కువ లైను గాల్లో ఆడించగలిగే చేతివాటం వచ్చాక రాసిన అంకెకే కట్టుబడండి. చేప కూడా లెక్కలోకి వస్తుంది. జిలేబి చేపకు 5 చాలు. కొరమేనుకు కప్పలాంటి పెద్ద ఎర కావాలి, అది గాలిని కోసుకుంటూ పోవాలి కాబట్టి రాడ్డూ లైనూ 8 అయితేనే నయం. గాలి గట్టిగా వీచే రోజుల్లో 5తో కప్ప ఎర విసిరితే అది మీ వీపుకే తగులుకుంటుంది.

ఇంకొకటి చాలామందికి తట్టదు. చల్లటి ఏరుల్లో ట్రౌటు చేపల కోసం చేసిన లైను మన ఎండకు మెత్తబడి, జిగటగా మారి, రాడ్డు రింగుల్లో జారదు. ఉష్ణ ప్రాంతాల కోసం గట్టి పోగుతో చేసిన లైన్లు వేరే ఉంటాయి, పెట్టె మీద ‘ట్రాపికల్’ అని ఉన్నదే అడగండి. దాన్ని ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో వదలకండి. డబ్బు పరిమితమైతే రాడ్డు మామూలుది కొని లైను మంచిది కొనమంటాను.

నీళ్ల దగ్గరికి పోయేముందు కోత కోసిన పొలంలో సాధన చేయండి. ముల్లు బదులు ఎర్ర ఉన్ని ముక్క కట్టుకుంటే ఎక్కడ పడిందో కనబడుతుంది. చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకార సంఘాలది, అడిగి గాలం వేయండి. చివరిగా, ఈ రాడ్లు ఎక్కువగా గ్రాఫైటువి, వాటి గుండా కరెంటు పారుతుంది. తొమ్మిదడుగుల రాడ్డు ఎత్తేముందు తలపైన తీగలున్నాయేమో చూసుకోండి, ఉంటే అక్కడ విసరకండి.