తుది తీర్పు ఎవరిది? లేఖనాల సంపూర్ణత, శ్రీసభ అధికారం



ప్రొటెస్టెంట్లు బైబిలును నమ్ముతారనీ, కతోలికులు బైబిలుతోపాటు పోపు మాటనూ నమ్ముతారనీ, ఇరువురి మధ్య భేదం అంతేననీ చెప్పే వివరణ ఎంత తేలికగా వినబడినా, క్రైస్తవ వేదాంతం నేర్వబూనిన విద్యార్థి దాన్ని మొదట్లోనే పక్కన పెట్టడం మంచిది. లేఖనాలు దైవప్రేరితాలని ఇరుపక్షాలూ అంగీకరిస్తాయి. ఆ లేఖనాల అర్థం విషయంలో విశ్వాసుల మధ్య అభిప్రాయభేదం తలెత్తినప్పుడు తుది తీర్పు చెప్పే అధికారం ఎవరిదన్నదే అసలు వివాదం.

'కేవలం లేఖనమే' అన్న సూత్రం ఏ పరిస్థితిలో రూపుదిద్దుకుందో తెలిస్తేగాని దాని బలం అర్థం కాదు. పాపపరిహార పత్రాల గురించి 1517లో వివాదం మొదలైనప్పుడు మార్టిన్ లూథర్ శ్రీసభ అధికారాన్ని పూర్తిగా తోసిపుచ్చలేదు; పోపు నిర్ణయాన్ని కాదని మహాసభకు, అంటే బిషప్పులు కూడి సిద్ధాంత నిర్ణయం చేసే సభకు, విన్నవించుకునే దారినే 1518లో ఆశ్రయించాడు. అయితే 1519లో లైప్‌జిగ్ నగరంలో జరిగిన వాదంలో యోహాన్ ఎక్ అనే పండితుడు, లూథర్ భావాలు కాన్‌స్టన్స్ మహాసభ ఖండించిన బొహీమియా బోధకుడు యాన్ హుస్ భావాలేనని నిలదీయగా, ఆ ఖండనకు గురైన వాక్యాల్లో అచ్చమైన క్రైస్తవ బోధ కూడా ఉన్నదనీ, మహాసభలు సైతం పొరబడగలవనీ లూథర్ చెప్పవలసివచ్చింది. ఆ మహాసభ తీర్పు ఫలితంగానే 1415లో హుస్‌ను సజీవ దహనం చేశారు. పోపూ పొరబడవచ్చు, మహాసభా పొరబడవచ్చు అన్నాక, పొరబడనిదిగా మిగిలేది లేఖనమొక్కటే. 1521లో వర్మ్స్ నగరంలో చక్రవర్తి ఎదుట లూథర్ లేఖన ప్రమాణంతోనో స్పష్టమైన హేతువుతోనో తనను ఒప్పించనిదే మాట వెనక్కు తీసుకోనన్నది ఈ నిశ్చయంతోనే.

ఆ సూత్రం సంప్రదాయాన్నంతటినీ త్రోసివేస్తుందనుకోవడం పొరపాటు. లూథర్ మొదలైన సంస్కర్తలు ప్రాచీన వేదపండితుడు అగస్టీనును ఆదరంతో ఉదాహరించారు, నైసియా విశ్వాస ప్రమాణాన్ని నిలుపుకున్నారు. 1646లో ఇంగ్లండులో రూపొందిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన ప్రకారం, రక్షణకూ విశ్వాసానికీ జీవితానికీ కావలసినదంతా లేఖనాల్లో సూటిగానైనా చెప్పబడి ఉంటుంది, లేదా వాటినుండి తప్పనిసరి తర్కంతోనైనా రాబట్టవచ్చు. ప్రతి వాక్యమూ సమానంగా సుబోధకం కాదని కూడా అదే ప్రకటన ఒప్పుకుంటుంది. లేఖనాల సంపూర్ణత అంటే ఇదే. పెద్దల బోధకు, మహాసభలకు ఇక్కడ గౌరవం ఉన్నది, కాని ఆ గౌరవం లేఖన పరీక్షకు లోబడినది.

దీనికి కతోలికుల వైపునుండి వచ్చే అత్యంత బలమైన ఆక్షేపణ సంస్కర్తల చరిత్రలోనే ఉన్నది. 1529లో మార్‌బర్గ్ కోటలో లూథర్, స్విట్జర్లాండు సంస్కర్త జ్వింగ్లీ సమావేశమై పదిహేను అంశాలు చర్చించి, పద్నాలుగింటిపై ఏకీభవించి, ప్రభు భోజనంలో క్రీస్తు శరీరం నిజంగా ఉన్నదా అన్న ప్రశ్న దగ్గర విడిపోయారు. ఇద్దరూ లేఖనాన్నే తుది ప్రమాణంగా నమ్మినవారు, ఇద్దరూ ఒకే వాక్యాన్ని ముందుంచుకుని చదివినవారు, అయినా వారి మధ్య తీర్పరి లేడు. ప్రొటెస్టెంటు పక్షం ఈ ప్రశ్నను చిన్నచూపు చూడరాదు. అయితే వారికీ తగిన ప్రత్యుత్తరం ఉన్నది: కాన్‌స్టన్స్ మహాసభ సమావేశమయ్యేనాటికి పోపులమని చెప్పుకునేవారు ముగ్గురుండగా, 1417లో ఐదవ మార్టిన్ ఎన్నికతోగాని ఆ చీలిక తీరలేదు గనక, కంటికి కనిపించే తీర్పరి ఉన్నంత మాత్రాన సందేహం తొలగిపోదని చరిత్ర చెబుతున్నది.

లేఖనాల పట్టిక సంగతి మరొకటి. కొత్త నిబంధనలోని 27 గ్రంథాలను నేటి రూపంలో పేర్కొన్నది 367లో బిషప్పు అతనాసియుస్ రాసిన లేఖ; ఏ గ్రంథాలు లేఖనాలో చెప్పే పట్టిక లేఖనాల్లో లేదు గనక, దాన్ని నిర్ణయించిన శ్రీసభను నమ్మక తప్పదని కతోలికులంటే, సంఘం వాటిని గుర్తించిందేగాని వాటికి అధికారం ఇవ్వలేదని ప్రొటెస్టెంట్లంటారు. కతోలికుల తెలుగు బైబిలులో తోబితు, యూదితు, మక్కబీయులు మొదలైన గ్రంథాలు కలిసి 73 ఉండగా, ప్రొటెస్టెంటు బైబిలులో 66 మాత్రమే ఉండటానికి కారణం పాత నిబంధన పట్టిక గురించిన ఇలాంటి వివాదమే.

కతోలిక బోధను సరిగా గ్రహించాలంటే ట్రెంటు మహాసభ 1546 ఏప్రిల్ 8న తన నాలుగవ సమావేశంలో వెలువరించిన తీర్మానం చదవాలి. రక్షణ సత్యం కొంత గ్రంథాల్లోనూ, కొంత అపొస్తలులనుండి వచ్చిన అలిఖిత సంప్రదాయాల్లోనూ ఉన్నదని చిత్తుప్రతిలో ఉండగా, సభలో కొందరు అభ్యంతరం చెప్పారు. తుది పాఠంలో ఆ విభజన తీసేసి, గ్రంథాల్లోనూ సంప్రదాయాల్లోనూ ఉన్నదని మాత్రమే రాశారు. దీన్ని ఆధారం చేసుకుని, విశ్వాస విషయమంతా లేఖనాల్లో ఉన్నదని, దాన్ని సరిగా గ్రహించడానికే సంప్రదాయం అవసరమని వాదించిన కతోలిక పండితులు ఇరవయ్యో శతాబ్దంలో ఉన్నారు. 1965 నవంబరు 18న రెండవ వాటికన్ మహాసభ, లేఖనమూ సంప్రదాయమూ ఒకే దైవిక మూలంనుండి ప్రవహిస్తాయనీ, శ్రీసభ బోధనాధికారం దేవుని వాక్యానికి పైన లేదు, దాని సేవలో ఉన్నదనీ ప్రకటించింది. ప్రామాణిక వివరణ చేసే బాధ్యతను మాత్రం ఆ బోధనాధికారానికే అప్పగించింది. ఇక్కడే ప్రొటెస్టెంటు ప్రశ్న మళ్ళీ నిలుస్తుంది: సేవకుని వివరణ తప్పితే సరిదిద్దేదెవరు? 1950లో పోపు పన్నెండవ పయస్ మరియమాత స్వర్గారోపణాన్ని విశ్వాస సత్యంగా నిర్వచించినప్పుడు, లేఖనాల్లో దానికి సూటియైన సాక్ష్యం లేదన్న ఆక్షేపణ అందుకే అంత తీవ్రంగా వచ్చింది. కతోలికులకు ఇది మోయక తప్పని భారం, ప్రొటెస్టెంట్లకు మార్‌బర్గ్ ఎలాంటిదో అలాంటిది.

బిషప్పుల వ్యవస్థ, లేఖన సంపూర్ణత పొసగవని కూడా అనుకోరాదు. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం, బిషప్పులను అంగీకరిస్తూనే, రక్షణకు అవసరమైనదంతా లేఖనాల్లో ఉన్నదని తన నిబంధనావళిలో రాసుకున్నది; కృష్ణా, గోదావరి ప్రాంతాల సంఘాలు అనేకం ఆ నిబంధనావళి కిందనే నడుస్తున్నాయి.

కాబట్టి, చిరంజీవీ, ఒక పక్షంవారు రెండో పక్షం గురించి రాసిన ఖండన గ్రంథాలు ముట్టుకోకముందే, ట్రెంటు నాలుగవ సమావేశ తీర్మానమూ వెస్ట్‌మినిస్టర్ ప్రకటన మొదటి అధ్యాయమూ పక్కపక్కన పెట్టుకుని చదువు. రెండూ చిన్నవే, ఒక్క పూటలో పూర్తవుతాయి.