నేలలోని కర్బనము – భూమి ఆరోగ్యము – చదువుకొన్న రైతుబిడ్డలకు ఉపాధి

పెంట బాగుగా తోలిన చేను నల్లబడుననియు, ఆ చేను వాన లేని పది దినములు ఓర్చుకొనుననియు మన రైతులకు తెలియును. ఆ నలుపునకు కారణమైన జీవపదార్థములో సగమునకు పైగా కర్బనమే. ఈనాడు ఆ కర్బనమును కొలుచుట, పెంచుట, నేలలో నిలుపుట ఒక వృత్తిగా రూపొందుచున్నది. చదువుకొన్న పిల్లలున్న ప్రతి రైతు కుటుంబమును ఈ వృత్తి ఎట్టిదో, అందులో లాభమెంతో, మోసమునకు తావెక్కడో తెలిసికొనుట అవసరము.

కర్బనము నేలలోనికి వచ్చు విధము

మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆకులద్వారా గ్రహించి, ఎండ సహాయమున తన శరీరమును నిర్మించుకొనును. పంట కోసిన పిమ్మట వేళ్లు, మోళ్లు, రాలిన ఆకులు నేలలో మిగులును. సూక్ష్మజీవులు వానిని తినివేయును. అట్లు తినునపుడు హెచ్చు భాగము తిరిగి వాయువై గాలిలో కలియును. కొద్ది భాగము మాత్రము బంకమట్టి రేణువులను అంటిపెట్టుకొని ఏండ్ల తరబడి నిలుచును. దీనినే కర్బన స్థిరీకరణము అందురు.

మన ప్రాంతపు ఎండలకు ఈ కుళ్లుట త్వరగా జరుగును. దానికి తోడు మోళ్లను తగులబెట్టుట, పశువులు తగ్గి పెంట కరవగుట, మాటిమాటికి దున్నుట, వానకు పైమన్ను కొట్టుకొనిపోవుట వలన నేలలోని కర్బనము తరుగుచున్నది. కర్బనము తరిగిన నేల నీటిని పట్టి ఉంచలేదు. వేసిన ఎరువు పైరునకు పూర్తిగా దక్కదు.

లెక్క వేసి చూడుడు

భూసార పరీక్షలో సేంద్రియ కర్బనము 0.50 శాతమునకు లోపున్న తక్కువ అనియు, 0.50 నుండి 0.75 వరకు మధ్యమమనియు, 0.75 దాటిన ఎక్కువ అనియు లెక్క. ఒక ఎకరములో పై 15 సెంటీమీటర్ల మన్ను సుమారు 8 లక్షల కిలోలు తూగును. పరీక్షలో 0.40 శాతము వచ్చినచో ఆ ఎకరములో 3,200 కిలోల కర్బనమున్నదన్నమాట. దానిని 0.50 శాతమునకు తెచ్చుటకు ఇంకను 800 కిలోలు చేర్చి నిలుపవలెను.

జీలుగ పైరు ఎకరమునకు 5 టన్నుల పచ్చిరొట్ట ఇచ్చెననుకొందము. అందు ఎండు పదార్థము సుమారు ఒక టన్ను, దానిలో కర్బనము సుమారు 400 కిలోలు. ఏడాది తిరుగునప్పటికి అందులో పదవ వంతు మొదలు ఐదవ వంతు వరకు, అనగా 40 నుండి 80 కిలోలు, నేలలో మిగులునని అంచనా వేయవచ్చును. ఉన్న కర్బనము తరుగకుండ కాపాడుకొన్నను, పచ్చిరొట్టతోనే 800 కిలోలు చేర్చుటకు పది నుండి ఇరువది ఏండ్లు పట్టును. కావున జీలుగ, జనుము, పిల్లిపెసరలతోపాటు పెంట, చెరువు మట్టి, పంట మోళ్లను నేలకే ఇచ్చుట, గట్లపై గ్లిరిసిడియా పెంచుట, అనవసరపు దుక్కులు మానుట అన్నియు కలిపి చేయవలెను. తెలంగాణలో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని రైతులు పొలములకు తోలుకొనిరి. ఇది మన పెద్దల పద్ధతియే.

ఏయే ఉద్యోగములు కలవు?

1. భూసార పరీక్ష: భూమి ఆరోగ్య పత్రముల పథకమును కేంద్ర ప్రభుత్వము 2015 ఫిబ్రవరిలో రాజస్థానములోని సూరత్‌గఢ్‌లో ప్రారంభించినది. ఆ పత్రములో నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, ఐదు సూక్ష్మపోషకములు, ఉదజని సూచిక, లవణముల పరిమాణము, సేంద్రియ కర్బనము అను 12 అంశములుండును. మట్టి నమూనా తీయుట మొదలు పరీక్ష చేసి సలహా వ్రాయువరకు ఇందు పనివారు కావలెను. పదవ తరగతి పిమ్మట వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా చదివినవారు, రసాయనశాస్త్రముతో డిగ్రీ పొందినవారు ఈ పనికి తగుదురు.

2. గ్రామములో సలహా: వ్యవసాయ డిప్లొమా, బి.ఎస్సీ. వ్యవసాయము చదివినవారికి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వ్యవసాయ సహాయకులుగను, తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారులుగను అవకాశములు కలవు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుండి నడుపుచున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమములో అనుభవముగల రైతులే తోటి రైతులకు శిక్షకులుగా పనిచేయుచున్నారు. వారిలో స్త్రీలును పెక్కుమంది కలరు. ఇచ్చట పట్టాకంటె చేతిపని ముఖ్యము.

3. కర్బనమును కొలుచుట, సరిచూచుట: కర్బన పరపతుల పథకములలో పొలము హద్దులు గుర్తించుట, నమూనాలు తీయుట, ఏటేటి పనుల లెక్క వ్రాయుట, ఆ లెక్కను వేరొకరు తనిఖీ చేయుట అను పనులున్నవి. వీనికి మృత్తికాశాస్త్రముతోపాటు ఉపగ్రహ చిత్రములను చదువుట, కంప్యూటరుపై పటములు గీయుట, గణాంకశాస్త్రము వచ్చియుండవలెను.

4. పరిశోధన: మృత్తికాశాస్త్రములో ఎం.ఎస్సీ., పిహెచ్.డి. చేసినవారికి వ్యవసాయ విశ్వవిద్యాలయములు, హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్, భోపాలులోని భారత మృత్తికాశాస్త్ర సంస్థ వంటి చోట్ల అవకాశములు కలవు. చిన్న రైతు కుటుంబములో 1944లో పుట్టిన రత్తన్ లాల్ లూధియానాలోని వ్యవసాయ విశ్వవిద్యాలయములో చదివి, నేల కర్బనముపై చేసిన కృషికి 2020లో ప్రపంచ ఆహార బహుమతి పొందిరి. రైతుబిడ్డకు మట్టి తెలియుట ఈ చదువులో ఒక బలము.

5. సొంత వ్యాపారము: వానపాముల ఎరువు, పచ్చిరొట్ట విత్తనము, పత్తి కట్టెను గాలి చాలని మంటలో కాల్చి చేయు బయోచార్ గ్రామములోనే తయారు చేయవచ్చును. అయితే వానపాముల ఎరువును సంచులకెత్తి అమ్మువారు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తరువులోని ప్రమాణములను పాటింపవలెను.

ఒప్పందముపై సంతకము చేయకముందు

కర్బనమును అమ్మి ధనము సంపాదింపవచ్చునని గ్రామములలో చెప్పువారు బయలుదేరినారు. మాట అబద్ధము కాదు, కాని పరిమాణము తెలిసికొనవలెను. ఒక కర్బన పరపతి యనగా ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు. ఒక కిలో కర్బనము 3.67 కిలోల వాయువునకు సమానము. పైన చెప్పిన 800 కిలోలు పూర్తిగా నిలిచినను ఎకరమునకు 3 టన్నులకు లోపే. అది పదేండ్లలో సాధించినచో ఏడాదికి ఎకరమునకు టన్నులో మూడవ వంతు కూడ రాదు. అందులోనే కొలతల ఖర్చు, మధ్యవర్తి వాటా పోవలెను. ఎకరమునకు ఏటా వేలకు వేలు వచ్చునని ఎవరైనను చెప్పినచో ఈ లెక్క వేసి చూపుమని అడుగుడు.

ఇంకను ఈ ప్రశ్నలడుగుడు: ఒప్పందము ఎన్ని ఏండ్లు? ఈలోగా పొలము అమ్మినను, పంచుకొన్నను ఏమగును? మట్టి పరీక్షల ఖర్చు ఎవరిది? కరవు వచ్చి కర్బనము తగ్గినచో సొమ్ము తిరిగి చెల్లింపవలెనా? రైతుకు ముట్టు వాటా ఎంత, ఎప్పుడు? ముందుగా రైతునుండి రుసుము కోరువారిని నమ్మరాదు. కాగితము తెలుగులో ఉండవలెను. దాని ప్రతి మీ యింట ఉండవలెను.

కౌలుదారు సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. ఏటేట మారు కౌలులో జీలుగ చల్లినవాడొకడు, ఫలము పొందువాడు మరొకడు అగును. అందుచేత కౌలు పొలముల బలము తగ్గుట జరుగుచున్నది. భూమిగలవారు మూడు నాలుగేండ్లకు కౌలు వ్రాసి, పచ్చిరొట్టకు, పెంటకు అయిన ఖర్చులో పాలుపంచుకొన్నచో ఇరువురికిని మేలు. పరపతి సొమ్ము వచ్చినచో అందు కౌలుదారు పాలెంతయో కూడ ముందే వ్రాసికొనవలెను.

మట్టి నమూనా తీయు పద్ధతి

పంట కోసిన పిమ్మట, ఎరువు వేయకముందు నమూనా తీయవలెను. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పలు వేసిన చోట్లు విడువవలెను. పొలములో వంకరటింకరగా నడచుచు పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున గుంట తీసి, ప్రక్కనుండి పైకి క్రిందికి సమముగా మన్ను తీయవలెను. అన్నియు కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు తీసివేయుచు అర కిలో మిగుల్చవలెను. నీడలో ఆరబెట్టి, పేరు, సర్వే నంబరు, తేదీ వ్రాసి పంపవలెను. మూడేండ్లకొకసారి అదే నెలలో, అదే లోతున తీసినగాని కర్బనము పెరిగినదా, తరిగినదా తెలియదు.

ఈ పనిని ఇంటర్మీడియటు చదువుచున్న మీ అబ్బాయిచేత గాని, అమ్మాయిచేత గాని చేయింపుడు. వచ్చిన ఫలితమును ఒక పుస్తకములో వ్రాయింపుడు. వ్యవసాయ డిగ్రీ ప్రవేశ పరీక్ష ప్రకటన వెలువడినపుడు వ్యవసాయ కుటుంబముల పిల్లలకు కేటాయించిన సీట్ల వివరములను చదివి, అవసరమైన ధ్రువపత్రములను ముందుగనే సిద్ధము చేసికొనుడు. గడువు దాటిన పిమ్మట కచేరీల చుట్టు తిరిగి ప్రయోజనము లేదు.

కర్బనము కొన్నవాడిచ్చు సొమ్ము వచ్చినను రాకున్నను, నేలలో నిలిచిన ప్రతి కిలోయు మీ పైరుకు నీరై, ఎరువై పనిచేయును. ఆ లాభమునకు మధ్యవర్తి లేడు. మొదట నేలకొరకు కర్బనమును పెంచుడు. పరపతి వచ్చినచో అది పైరాబడి యనుకొనుడు.