సాయంత్రానికి ఇల్లు చేరే శస్త్రచికిత్స: డిజిటల్ సాధనాలు, ఇంటి భాష

ఉదయం ఆసుపత్రికి వెళ్లి, శస్త్రచికిత్స చేయించుకొని, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరుకోవడం నేడు సర్వసాధారణమైంది. కంటి శుక్లాల తొలగింపు, హెర్నియా, చిన్న గడ్డల తొలగింపు వంటి అనేక చికిత్సలు ఈ విధంగానే జరుగుతున్నవి. వీటిని ‘డే కేర్’ చికిత్సలు అంటారు. సాధారణంగా 24 గంటలు ఆసుపత్రిలో ఉంటేనే వర్తించే ఆరోగ్య బీమా, ఈ చికిత్సలకు మాత్రం ఆ నియమాన్ని సడలిస్తుంది.

ఖర్చు తగ్గుతుంది, రోగికి తన ఇంటి మంచం దొరుకుతుంది. అయితే ఒక మార్పును గమనించాలి. పూర్వం శస్త్రచికిత్స జరిగిన రాత్రి రోగి పక్కన నర్సు ఉండేది. ఇప్పుడు ఆ రాత్రి రోగి పక్కన ఇంటివారు, వారి చేతిలో ఒక ఫోను ఉంటున్నవి. ఆ ఫోనుకు వచ్చే సమాచారం ఎవరికి చేరుతున్నది, ఏ భాషలో చేరుతున్నది అన్నదే ఈ పాఠంలోని ప్రధాన విషయం.

1. ఈ పద్ధతి పూర్వాపరాలు

ఒక్కరోజు శస్త్రచికిత్స కంప్యూటర్లతో పుట్టినది కాదు. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జేమ్స్ నికోల్ అనే శస్త్రవైద్యుడు దాదాపు 9,000 మంది పిల్లలకు ఆసుపత్రిలో చేర్చుకోకుండానే శస్త్రచికిత్సలు చేసి, ఆ అనుభవాన్ని 1909లో ప్రకటించాడు. చికిత్స తరువాత పిల్లలు తల్లుల సంరక్షణలో ఇంటివద్దనే కోలుకొన్నారు. 1970లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో ఇటువంటి చికిత్సల కోసమే ప్రత్యేకమైన కేంద్రం వెలసింది. తరువాతి కాలంలో త్వరగా దిగిపోయే మత్తుమందులు, చిన్న రంధ్రాల ద్వారా చేసే శస్త్రచికిత్సలు ఈ పద్ధతిని ప్రపంచమంతటా వ్యాపింపజేశాయి.

అంటే ఈ పద్ధతి మొదటినుంచీ ఒక నమ్మకంపై నిలబడి ఉన్నది: వైద్యుడు సగం పని చేస్తే మిగిలిన సగం ఇంటివారు చేస్తారు. డిజిటల్ సాధనాలు ఈ రెండు సగాలను కలిపే వంతెన వంటివి.

2. మూడు దశలలో డిజిటల్ సాధనాల పాత్ర

మొదటిది శస్త్రచికిత్సకు ముందు దశ. రోగికి ఉన్న జబ్బులు, వాడే మందులు, పడని మందులు, పూర్వం చేయించుకొన్న ఆపరేషన్లు ముందుగానే నమోదైతే మత్తుమందు వైద్యుడు వాటిని సావకాశంగా పరిశీలించగలడు. మధుమేహం మాత్రలు, రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారి విషయంలో ఇది ప్రాణావసరం. ఆపరేషన్ నాటి ఉదయం బల్లమీద పడుకోబెట్టిన తరువాత ఈ సంగతి బయటపడితే ఆపరేషన్ వాయిదా పడవచ్చు. బయటపడకపోతే అంతకన్న పెద్ద ప్రమాదం.

రెండవది శస్త్రచికిత్స గది. శుక్లాల ఆపరేషన్‌లో అమర్చే కృత్రిమ కటకం శక్తిని యంత్రంతో కొలిచి లెక్కకడతారు. ఆ అంకెను ఒకరు చూసి చెప్పగా మరొకరు చేతితో రాసుకొంటే పొరపాటుకు అవకాశం ఉన్నది. యంత్రం నుంచి నేరుగా రోగి నమోదులోకి చేరితే ఆ అవకాశం తగ్గుతుంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ‘ఐస్మార్ట్’ అనే ఎలక్ట్రానిక్ వైద్య నమోదు పద్ధతిని తానే రూపొందించుకొని 2010 నుంచి వాడుతున్నది.

ఐతే యంత్రమే సర్వస్వం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల శస్త్రచికిత్స భద్రతా జాబితాను విడుదల చేసింది. రోగి పేరు, శరీరంలో ఏ వైపు, ఏ ఆపరేషన్ అన్నవి మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, గది విడిచేముందు అందరూ వినేలా పైకి చెప్పుకోవడమే దాని సారం. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దీనిని పరీక్షించగా మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్లు 2009లో ప్రకటించారు. అది కాగితంపై ముద్రించిన జాబితా. నేడు అదే జాబితా తెరమీద కనిపించవచ్చు. కాని నోరు తెరిచి చెప్పకుండా వేలితో టిక్కులు పెట్టుకొంటూ పోతే కాగితమైనా తెర అయినా ఒకటే.

మూడవది ఇంటికి చేరిన తరువాతి దశ. మందుల వేళలు గుర్తుచేసే సందేశాలు, మరునాడు కుశలమడిగే ఫోను, గాయం ఫొటో పంపితే చూసి సలహా చెప్పే ఏర్పాటు ఇందులోకి వస్తాయి. ఫోను ద్వారా వైద్య సలహా ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 2020 మార్చిలో మార్గదర్శకాలు ప్రకటించింది. కాని ఫొటోకు హద్దులున్నవి. అది ఎరుపును చూపగలదు, వేడిని చూపలేదు; వాపును చూపగలదు, నొప్పిని చూపలేదు. వాటిని మాటలతోనే చెప్పాలి. అక్కడే భాష ప్రశ్న ఎదురవుతుంది.

3. ‘ఉపవాసం’ అంటే ఏమిటి?

మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి. మత్తులో కడుపులోని పదార్థం పైకి ఎగదన్ని ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం. పెద్దవారికి సాధారణంగా ఘనాహారం కనీసం 6 గంటల ముందు, నీరు 2 గంటల ముందు ఆపమంటారు. ఖచ్చితమైన వేళ మత్తుమందు వైద్యుడు చెబుతాడు. ఈ సూచనను యంత్రం చేత తెలుగు చేయిస్తే చాలాసార్లు ‘ఉపవాసం ఉండవలెను’ అని వస్తుంది.

మన ఇళ్లలో ఉపవాసం అంటే ఏమిటి? ఏకాదశినాడు అన్నం మానేసిన అవ్వ పాలు తాగుతుంది, అరటిపండు తింటుంది. ఆమె దృష్టిలో ఉపవాసం చెడలేదు. అదే అర్థంతో ఆపరేషన్ నాటి ఉదయం ఒక గ్లాసు పాలు తాగి వస్తే ఆమె తప్పేమీ లేదు. తప్పు ఆ మాటను ఎంచుకొన్నవారిది. పాలు, కాఫీ కూడా ఆహారమే అవుతాయి. కనుక సందేశం ఇట్లా ఉండాలి: ‘రాత్రి ఇన్ని గంటల తరువాత అన్నం, టిఫిను, పాలు, కాఫీ, టీ, పండు ఏదీ వద్దు. మంచినీళ్లు మాత్రం ఉదయం ఇన్ని గంటల వరకు తాగవచ్చు.’ మాటలు కొన్ని పెరిగినా ప్రమాదం తగ్గుతుంది.

4. మాట తెలుగు, లిపి వేరు

తరతరాలుగా ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో మరొక చిక్కు ఉన్నది. బళ్లారిలో, బెంగళూరులో పెరిగిన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే బడిలో కన్నడ అక్షరాలు నేర్చుకొంటారు. హోసూరు, చెన్నై పిల్లలు తమిళ అక్షరాలు, బరంపురం పిల్లలు ఒడియా, షోలాపూరు పిల్లలు మరాఠీ చదువుతారు. వినడానికి తెలుగు, చదవడానికి వేరొక లిపి. ఆసుపత్రి కంప్యూటరులో ‘తెలుగు’ అని గుర్తుపెట్టగానే తెలుగు లిపిలో సందేశం వస్తే అటువంటి ఇంట్లో దానిని చదివేవారు ఉండకపోవచ్చు. ఇంగ్లీషులో వస్తే చదవగలిగే మనవడికి ‘ముందు జాగ్రత్త’ అన్నంతవరకు అర్థమైనా, అవ్వకు ఆ మాటను తెలుగులో విప్పి చెప్పడం రాకపోవచ్చు.

ఒక ఇంటిని ఊహించుకొందాం. హోసూరులో తల్లి ఉంటుంది. కుమారుడు ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటాడు. తల్లికి శుక్లాల ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రిలో కుమారుడి ఫోను నంబరు ఇచ్చారు. మూడవనాటి రాత్రి కన్ను ఎర్రబడి, నొప్పి పెరిగి, చూపు మసకబారింది. ‘ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయక రావలెను’ అన్న సందేశం కుమారుడి ఫోనులో ఇంగ్లీషులో ఉన్నది. తల్లి ‘కోసిన కన్ను కదా, నొప్పి ఉండదా’ అని తెల్లవారేదాకా ఓర్చుకొంటున్నది. కంటిలోపల చీము పట్టినట్లయితే గంటలు లెక్కలోకి వస్తాయి. ఆలస్యమైతే చూపే పోవచ్చు. ఇక్కడ సాంకేతికత విఫలం కాలేదు, సందేశం వేళకు చేరింది. చేరవలసిన మనిషికి చేరలేదు.

కనుక కేంద్రాలు పేరు నమోదు చేసేటప్పుడు ఒక్క ప్రశ్నకు బదులు మూడు ప్రశ్నలు అడగడం మేలు: రోగి ఏ భాష మాట్లాడతారు? ఇంట్లో ఏ లిపి చదవగలరు? రోగి పక్కన రాత్రి ఉండేవారి నంబరు ఏది? చదివేవారు లేనప్పుడు తెలుగులో పలికిన చిన్న సందేశాన్ని పంపవచ్చు. చెప్పిన దానిని రోగి చేతనే తిరిగి చెప్పించడం అన్నిటికంటె చవకైన, నమ్మదగిన పరీక్ష. దానికి ఏ యంత్రమూ అక్కరలేదు.

5. మన వివరాలు, మన సమ్మతి

కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా సంఖ్య లభిస్తుంది. దీనిద్వారా ఒక ఊరిలోని పరీక్షల ఫలితాలను మరొక ఊరిలోని వైద్యుడు, రోగి సమ్మతితో, చూడగలడు. రాష్ట్రాల సరిహద్దులకు ఇటూ అటూ వైద్యం చేయించుకొనే కుటుంబాలకు ఇది ప్రయోజనకరం. ఈ సంఖ్య తీసుకోవడం స్వచ్ఛందం; ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకొనే హక్కు కూడా రోగికి ఉన్నది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం దశలవారీగా అమలులోకి వస్తున్నది. సమ్మతి కోరేటప్పుడు ఆ వివరాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే వీలు కల్పించాలని అది చెబుతున్నది. ఆ 22 భాషలలో తెలుగు ఒకటి. కాబట్టి ‘మాకు తెలుగులో కావాలి’ అని మర్యాదగా అడగడానికి ఎవరూ సంకోచించనక్కరలేదు. ఫోనుకు వచ్చే ఓటీపీని మాత్రం, ఎందుకో తెలుసుకోకుండా, ఎవరికీ చెప్పరాదు.

6. ఇంటివారు గుర్తుంచుకోవలసినవి

• వాడుతున్న మందులన్నిటినీ, నాటు మందులతో సహా, ఒక కాగితంపై రాసి తీసుకువెళ్లండి. రక్తాన్ని పలచబరిచే మందును సొంతంగా ఆపవద్దు, వైద్యుని అడగండి.

• రోగితోపాటు ఇంట్లో ఉండేవారి నంబరును కూడా నమోదు చేయించండి.

• డిశ్చార్జి పత్రం ఫోనులోకి వచ్చినా, కాగితం ప్రతి కూడా అడిగి తీసుకోండి. ఫోనులో చార్జింగు అయిపోతుంది, కాగితం గోడకు వేలాడుతుంది.

• పూర్తి మత్తు తీసుకొన్నవారు 24 గంటలపాటు వాహనం నడపరాదు, ముఖ్యమైన పత్రాలపై సంతకం చేయరాదు, ఒంటరిగా ఉండరాదు.

• ఆగని రక్తస్రావం, పెరుగుతున్న నొప్పి, జ్వరం, ఊపిరాడకపోవడం, మూత్రం రాకపోవడం, కంటి చూపు తగ్గడం కనిపిస్తే సందేశానికి జవాబు కోసం ఎదురుచూడవద్దు. కేంద్రానికి ఫోను చేయండి. అత్యవసరమైతే 108ని పిలవండి.

ఇంట్లో చర్చించుకోవలసిన ప్రశ్నలు

1. మన ఇంట్లో పెద్దవారి పేరిట ఆసుపత్రిలో ఎవరి నంబరు ఉన్నది? ఆ మనిషి రాత్రివేళ వారి దగ్గర ఉంటారా?

2. తెలుగు మాట్లాడేవారు ఎందరు? తెలుగు చదవగలిగేవారు ఎందరు?

3. ‘పాలు తాగినా ఉపవాసమే’ అనే అవ్వకు ఆపరేషన్ ముందు నియమాన్ని మీరు ఏ మాటలతో చెబుతారు?

ఈ పుటలు చదువుతున్న మీకు తెలుగు అక్షరాలు వచ్చు. మీ వీధిలో అవి రాని తెలుగు ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరికైనా శస్త్రచికిత్స నిశ్చయమైనప్పుడు పది నిమిషాలు కూర్చొని ఆ సందేశాన్ని చదివి వినిపించండి. విన్నదానిని వారిచేత తిరిగి చెప్పించండి.