లంకెబిందెలో బిందె చెప్పే సంగతి

అప్పటి బస్తర్ సంస్థానంలోని ఎడెంగలో దొరికిన 32 బంగారు నాణేలను వి.వి. మిరాశీ 1939లో పరిశీలించి ప్రచురించారు. పలుచని బంగారు రేకును ఒకవైపు నుంచే అచ్చుతో నొక్కి చేసిన నాణేలివి. కూర్చున్న ఎద్దు, నెలవంక, కింద రాజు పేరు ఉంటాయి. నల వంశానికి చెందిన వరాహరాజు, భవదత్తవర్మ, అర్థపతి చరిత్రకు ఇవి ముఖ్య ఆధారాలు.

అయితే నాణెం మీది పేరు దాన్ని ఎవరు వేయించారో చెబుతుంది. ఎప్పుడు పాతిపెట్టారో చెప్పదు. బంగారం, వెండి నాణేలు తరాల తరబడి చేతులు మారుతుంటాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన 1,531 రోమన్ వెండి నాణేల్లో అగస్టస్, టైబీరియస్‌లవి ఉన్నంత మాత్రాన వారి కాలంలోనే పాతారని అనలేం. అంతకు ముందు కాదని మాత్రమే అనగలం. ఇక్కడే కుండ పనికొస్తుంది. మట్టికుండ తొందరగా పగులుతుంది, కుమ్మరి మళ్లీ కొత్తది చేస్తాడు. అందుకే అంచు, మెడ, పూత కాలంతోపాటు మారుతూ వస్తాయి. పెంకును ఉష్ణదీప్తి పద్ధతిలో పరీక్షిస్తే దాన్ని కాల్చిన కాలాన్ని కూడా అంచనా వేయవచ్చు.

కుండను కదపకుండా తవ్వితే ఎంత తెలుస్తుందో ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర 2010లో బయటపడిన రోమన్ నిధి చూపింది. ఒకే కుండలో 52,503 నాణేలు, బరువు సుమారు 160 కిలోలు. అంత బరువుతో ఆ కుండను మోసుకురావడం కుదరదు. ముందు కుండను గోతిలో నిలబెట్టి, తర్వాత నింపి ఉండాలి. నాణేలను పొరలు పొరలుగా తీయడం వల్ల మరో విషయం తేలింది. అన్నిటికన్నా కొత్తవైన కరౌసియస్ నాణేల్లో చాలా భాగం కుండ లోతున ఉన్నాయి, పాతవి వాటిపైన ఉన్నాయి. ఏళ్లపాటు కొద్దికొద్దిగా దాచుకున్న సొమ్మయితే కొత్తవి పైనే ఉండాలి కదా! కనుక అంతా ఒక్కసారే పోసి ఉంటారని పరిశోధకులు భావించారు. తొందరపడి కుండను బోర్లించి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు.

మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. నిధి స్వభావం, మొత్తం లేదా విలువ, దొరికిన చోటు, తేదీ రాయాలి. నాణేలు ఉన్న పాత్ర గురించి ప్రత్యేకంగా అడగదు. దొరికిన చోటే వదిలేసిన పెంకులు, కుండలోని మట్టి మళ్లీ దున్నినప్పుడు చేలో కలిసిపోతాయి.