తొలి తనఖా ఋణము – నివాసపు మార్పులు

మన సభ్యులలోను, వారి బిడ్డలలోను పలువురు బ్రదుకుతెరువునకై తఱచుగా ఊళ్లు మాఱుచుందురు. ఇల్లు కొనుటకు తొలిసారి తనఖా ఋణము కోరునపుడు ఇది యడ్డమగునా యను శంక సహజము.

నివాసము మాఱుట దోషము కాదు. సిబిల్ మున్నగు సంస్థల పరపతి స్కోరు చిరునామా మాఱినంతమాత్రమున తగ్గదు. కాని ఆధార్ కార్డున నొకయూరు, బ్యాంకు ఖాతాలో మఱియొకయూరు, దరఖాస్తులో వేఱొకయూరు కనబడినచో బ్యాంకువారికి సంశయము కలుగును. విచారణకు వచ్చిన యుద్యోగికి ఆ యింట మనిషి దొరకకున్న దరఖాస్తు నిలిచిపోవును. ఇంతకన్న నష్టకరమైనది మఱియొకటి కలదు. పాత యింటికి పోయిన తాఖీదు చేతికందక, చిన్న బాకీయైనను గడువు మీఱినచో ఋణచరిత్రలోని కెక్కును. అదియే స్కోరును దించును.

కావున ఇల్లు మాఱిన వెంటనే బ్యాంకునకు తెలిపి, ఆధార్‌లో చిరునామా సరిచేయించుకొనవలెను. అద్దె పత్రములను, కరెంటు బిల్లులను వరుసగా భద్రపఱుపవలెను. 2017 నుండి ప్రతి పరపతి సమాచార సంస్థయు ఏటికొక పూర్తి నివేదికను కోరినవారికి ఉచితముగా నీయవలెనని రిజర్వు బ్యాంకు నిబంధన. దరఖాస్తునకు మునుపే దానిని తెప్పించి చదివి, తప్పులున్న దిద్దించుకొనవలసినదిగా సభ్యులకు మనవి చేయుచున్నాము.